మంగమారిపేట నుంచి ముప్పై బారల లోతుకి: సముద్రంలో గాలం వేసిన నా అనుభవం

మాది కరీంనగర్. మానేరు డ్యామ్ కింది మడుగుల్లో వెదురు కట్టెకు దారం కట్టి, ఎర్ర గుచ్చి, పరకలు పట్టుకుంటూ పెరిగినవాణ్ణి. 2021లో విశాఖకు బదిలీ అయినప్పుడు మా ఆవిడ సముద్రాన్ని చూసి ఫొటోలు తీసుకుంది. నేను మాత్రం ఏ రాయి మీద కూర్చుంటే బాగుంటుందా అని చూశాను. చేపలు పట్టడం మనకేమైనా కొత్తా అన్న ధీమా. ఆ ధీమాతోనే ఊరి నుంచి తెచ్చుకున్న రాడ్, రీల్ పట్టుకుని తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికి దిగాను.

2020 అక్టోబరు వాయుగుండంలో లంగరు నిలవక కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడ అప్పటికింకా అక్కడే రాళ్ల మీద పడి ఉంది. గాలి తలచుకుంటే ఏం చేస్తుందో చెప్పడానికి అంత ఇనుము ఎదురుగా ఉన్నా నా బుర్రకు ఎక్కలేదు. అప్పట్లో నాకు గాలి అంటే లైన్‌ను పక్కకు ఈడ్చే ఇబ్బంది, అంతే.

రీల్ మూడు వారాలు బతికింది. మంచినీళ్లలో వాడేదాన్ని ఉప్పునీళ్లలో వాడి, ఇంటికొచ్చి కడగకుండా బాల్కనీలో పెడితే ఇంకేమవుతుంది? హ్యాండిల్ తిప్పితే పాత కిటికీ తలుపులా కిర్రుమనేది, తర్వాత అదీ మానేసింది. నా పక్కన రాళ్ల మీద కూర్చునే పెద్దాయన దగ్గర రాడ్డే లేదు. ఖాళీ ప్లాస్టిక్ సీసాకు లైన్ చుట్టుకుని చేత్తోనే విసిరేవాడు. ఆయన సంచిలో గులివిందలు, చిన్న పారలు పడుతుంటే నా సంచిలో మంచినీళ్ల బాటిల్ ఉండేది.

కొత్త రీల్ కొన్నాను. ఈసారి ఉప్పునీటికి పనికొచ్చేది, 5000 సైజు. ఇంటికి రాగానే నల్లా కింద సన్నటి ధారతో కడగడం నేర్చుకున్నాను. గట్టి ధార పెడితే ఉప్పు బయటికి రాకపోగా లోపలికి దూరుతుందట. ఆర్నెల్లు తిరిగేసరికి రుషికొండ నుంచి భీమిలి దాకా ఏ రాళ్ల దగ్గర ఎంత లోతుంటుందో ఒక అంచనా వచ్చింది. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీళ్లు ఎక్కువగా ఎక్కి దిగుతాయని, పోటు మొదలైన మొదటి రెండు గంటల్లో చేప రాళ్ల దగ్గరికి వస్తుందని తెలిసింది. అప్పటిదాకా మా ఇంట్లో క్యాలెండర్‌లో తిథులు చూసేది మా అత్తమ్మ ఒక్కతే. నేనూ చూడటం మొదలుపెట్టేసరికి అల్లుడికి భక్తి పెరిగిందని సంబరపడింది.

గాలి గురించి కాకపోయినా అల గురించి మొదటి పాఠం మాత్రం ఈ రాళ్ల మీదే అయింది. మే నెల, ఆకు కూడా కదలని పొద్దు. నీళ్లు నూనె పోసినట్టు ఉన్నాయి. నా బ్యాగు నీటికి ఆరడుగుల ఎత్తులో, ఎండిన రాయి మీద పెట్టాను. ఇరవై నిమిషాలు ఏమీ లేదు. తర్వాత నీళ్లు ఒక్కసారిగా వెనక్కి తగ్గి, ఎప్పుడూ కనపడని నాచు రాళ్లు బయటపడ్డాయి. సీసా పెద్దాయన ఒక్క మాట మాట్లాడకుండా లేచి పైకి ఎక్కేశాడు. నేను నాచు వంక చూస్తున్నాను. వచ్చిన అల పెద్ద చప్పుడు కూడా చేయలేదు, బొజ్జ ఉబ్బించినట్టు పైకి లేచి బ్యాగును తీసుకుపోయింది. నడుము దాకా తడిసి, రాయిని కౌగిలించుకుని బతికాను.

ఆ రాత్రి కూర్చుని చదివితే తెలిసింది. ఇక్కడ గాలి లేకపోయినా, ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి మన ఒడ్డుకు వస్తాయి. హైదరాబాద్‌లో, సముద్రానికి అంత దూరంలో ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ వాళ్లు వీటి గురించి ముందే హెచ్చరిస్తారు. వాళ్ల సమాచారంలో అల ఎత్తు పక్కనే అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లో ఉంటుంది. నేను ఎత్తే చూసేవాణ్ణి. ఒక మీటరు అల ఆరు సెకన్లకోసారి వస్తే అది ఇక్కడి గాలి రేపిన అల. అదే మీటరు పద్నాలుగు, పదిహేను సెకన్లకోసారి వస్తుంటే దాని వెనక చాలా నీళ్లున్నాయని అర్థం. రాళ్ల మీద కూర్చునేవాళ్లు ఆ రోజు ఇంట్లో ఉండి పప్పుచారు తినడం మంచిది.

బోటు మీద వెళ్లాలన్న కోరిక కోనాం వల్ల వచ్చింది. మిగతా చోట్ల వంజరం అనే చేపనే ఇక్కడ కోనాం అంటారు. రాళ్ల దగ్గరికి పెద్దవి అరుదుగా వస్తాయి. భీమిలి దారిలో ఉన్న జాలరి ఊరు మంగమారిపేటలో చేపలు కొంటూ కొంటూ ఒక బోటు యజమానితో పరిచయం అయింది. యాభై ఐదేళ్లుంటాయి. మా వైపైతే కాకా అనేవాణ్ణి, ఇక్కడి అలవాటు ప్రకారం బాబాయ్ అన్నాను. ఆయనది ఇరవై ఎనిమిది అడుగుల ఫైబర్ బోటు, వెనక చిన్న ఇంజను. నూనె ఖర్చు నాది, పడిన చేప ఆయనది, ఒక్కటి మాత్రం నాది అని ఒప్పందం. ఇంకో షరతు కూడా పెట్టాడు. "ఎల్లడం నీ ఇష్టం బాబూ. రావడం నా ఇష్టం." సరే అన్నాను. ఆ షరతు ఎందుకో నాకప్పుడు తెలియలేదు.

మొదటి రెండు సార్లు దగ్గర్లోనే, ఐదారు కిలోమీటర్ల లోపు తిప్పాడు. మొదటిసారి కక్కుకోవడంతోనే సరిపోయింది. మాత్ర ఒడ్డునే, బయలుదేరడానికి గంట ముందు వేసుకోవాలని, బోటులోకి చూడకుండా ఆకాశం నీళ్లు కలిసే గీత వైపు చూస్తూ ఉండాలని రెండోసారికి నేర్చుకున్నాను. లైఫ్ జాకెట్ నేనే కొనుక్కున్నాను. బాబాయ్ కొడుకు దాన్ని చూసి "పెళ్లికొడుకులా ఉన్నావు సార్" అని నవ్వాడు.

అసలు ప్రయాణం ఏప్రిల్ మొదటి ఆదివారం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ తర్వాత నైరుతి వచ్చి సముద్రం లేస్తుంది. ఇప్పుడు కాకపోతే మళ్లీ చలికాలమే అన్న తొందర నాది. ముందు రోజు రాత్రి వాతావరణం చెప్పే యాప్‌లో చూస్తే గాలి ఎనిమిది నాట్లు, అంటే గంటకు పదిహేను కిలోమీటర్లు, అల ముప్పావు మీటరు. పచ్చ రంగు.

తెల్లవారుజామున నాలుగింటికి బోటును నీళ్లలోకి తోశాం. ఒడ్డు కెరటాలు దాటించడం చూడాల్సిన విద్య. బాబాయ్ పిడికిలి బిగించి నిలబడి మూడు పెద్దవి పోనిచ్చాడు. నాలుగోది చిన్నగా వస్తుంటే "తొయ్" అన్నాడు. మోకాలి లోతు నుంచి ఛాతీ లోతుకు పోయే లోపు బోటులోకి ఎగరాలి. నన్ను కాలర్ పట్టుకుని లాగారు.

తెల్లారేసరికి గాలి ఒడ్డు వైపు నుంచి సన్నగా వీస్తోంది, వీపుకు చల్లగా. ఆ వేళ అది మామూలే. ఎండెక్కాక, పదీ పదిన్నరకు అది తిరగబడి సముద్రం వైపు నుంచి, దక్షిణం నుంచి వీయాలి. బాబాయ్ దగ్గర చిన్న జీపీఎస్ ఉంది గానీ దాన్ని తీయకుండానే రెండు కొండలు ఒక వరసలోకి వచ్చేదాకా బోటు నడిపాడు. కైలాసగిరి అంచుకు యారాడ కొండ తగిలేటప్పుడు, ఇటు తొట్లకొండ ఫలానా చోట ఉండాలట. అక్కడ నీటి అడుగున రాళ్లున్నాయి. తాడుకు గుండు కట్టి వదిలితే ముప్పై బారలు. మనిషి రెండు చేతులు చాపితే ఎంతో అంత, ఒక బార.

తొమ్మిదింటి దాకా చిన్న సూరలు తప్ప ఏమీ లేదు. ఎరగా కట్టిన సీసపు చేపబొమ్మను అడుగుదాకా వదిలి కుదుపుతూ పైకి లాగడం, మళ్లీ వదలడం. భుజాలు పోయాయి. పదకొండు దాటాక ఆ కుదుపుడు ఆపి, పరుగు వేగంతో బోటు నడుపుతూ వెనక లూర్, అంటే కొక్కేలున్న ఉత్తుత్తి చేప, లాగుదామన్నాను. పళ్లతో కొరుకుతుందని కోనాం కోసం చివర జానెడు ఇనుప తీగ కట్టుకున్నాను.

ఆ సమయంలోనే బాబాయ్ ముక్కు పైకెత్తి అన్నాడు, "గాలి సచ్చిపోనాది."

నిజమే. దక్షిణపు గాలి రావాల్సిన వేళకు రాలేదు. నీళ్లు గాజు పలకలా ఉన్నాయి, ఇంజను పొగ పైకి పోకుండా మా చుట్టూనే తిరుగుతోంది. ఒడ్డు వైపు కొండల వెనక ఒక తెల్ల మబ్బు గోపురంలా లేచి ఉంది. నాకది అందంగా కనపడింది. ఫొటో కూడా తీశాను. "పన్నెండుకి తిరిగిపోదాం" అన్నాడు బాబాయ్. "ఇంకో అరగంట" అన్నాను. పన్నెండున్నరకు మళ్లీ ఇంకో అరగంట అన్నాను. ఇక్కడ తప్పు నాదే. అడిగితే కాదనలేని మొహమాటం ఆయనది, నూనెకు మూడు వేలు పెట్టానన్న లెక్క నాది.

ఒంటిగంట దాటాక రీల్ అరిచింది.

దాన్ని ఇంకెలా చెప్పాలో తెలియదు. లైన్ నూటయాభై మీటర్లు ఒక్క ఊపులో పోయింది. రీల్ అంచు మీద వేలు పెడితే కాలింది. లైన్ జారిపోకుండా ఆపే రీల్ బ్రేకును, అంటే డ్రాగ్‌ను బిగిద్దామని చెయ్యి పోతుంటే బాబాయ్ కొడుకు కొట్టినంత పని చేశాడు. లైన్ తెగే బలంలో మూడో వంతుకు మించి డ్రాగ్ బిగించకూడదని చదివింది నేనే, మరిచిపోయిందీ నేనే. పది నిమిషాలకు ఆగింది. నేను పది చుట్లు చుడితే అది ఎనిమిది చుట్లు తీసుకుపోయేది. ఇరవై నిమిషాలకు బోటు పక్కన, రెండు బారల కింద వెండి పలక ఒకటి పక్కకు తిరిగింది. ఒంటి మీద అడ్డచారలు లెక్కపెట్టేంత దగ్గర. "పన్నెండు కేజీలకి తక్కువ నేదు" అన్నాడు కుర్రాడు. మమ్మల్ని చూసి అది మళ్లీ కిందికి పోయింది.

అప్పుడు మట్టి వాసన వచ్చింది.

ఒడ్డుకు పదిహేను కిలోమీటర్ల అవతల, చుట్టూ ఉప్పునీళ్ల మధ్య, తొలకరి నేల వాసన. దాని వెనకే మెడ మీద చల్లగాలి, ఫ్రిజ్ తలుపు తీసినట్టు. తల తిప్పి చూస్తే తెల్ల గోపురం లేదు. ఉత్తర కొస నుంచి పడమటి కొస దాకా ముదురు బూడిద రంగు గోడ, దాని పాదం దగ్గర నీళ్లు తెల్లగా మరుగుతూ మా వైపు వస్తున్నాయి. కొండలు కనపడటం లేదు. ఉరుముల మబ్బు కింద నుంచి చల్లగాలి కుండ పగిలినట్టు కిందికి దిగి, నేలకు తగిలి చుట్టూ పాకుతుంది. వాన కంటే ముందు వచ్చేది అదే. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నవి. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, నా చేతిలో రాడ్ గుయ్‌మంటోంది.

మొదట చేప అనుకున్నాను. కాదు. కొస నుంచి తేనెటీగ లాంటి చప్పుడు, పట్టుకున్న చోట సూదులు గుచ్చినట్టు చిమచిమ. రాడ్ కార్బన్‌తో చేసింది, కరెంటు బాగా పారే వస్తువు. బోటు మొత్తం మీద ఎత్తుగా ఉన్నది అదొక్కటే, దాన్ని పట్టుకుని నిలబడింది నేను.

"ఒగ్గెయ్!" అని అరిచాడు బాబాయ్.

నాకు ఒంగమన్నట్టు వినపడింది. ఒంగాను. రాడ్ వదల్లేదు, రాడ్‌తో సహా ఒంగాను.

"ఒగ్గెయ్ బాబూ, ఒగ్గెయ్!"

ఇంకా ఒంగాను. ఈసారి దాదాపు సాష్టాంగం. ఒగ్గెయ్ అంటే వదిలెయ్ అని, మా దగ్గర ఇడిసిపెట్టు అనే మాటకు ఇక్కడ అదే మాట అని రెండేళ్ల నుంచి ఈ ఊళ్లో ఉండి కూడా నాకు తెలియదు. కుర్రాడు నా మీదుగా దూకి కత్తితో లైన్ కోశాడు. కోసే ముందు క్షణంలో చేప ఒక్క గుంజు గుంజింది. అల్లిక దారం కదా, చూపుడు వేలి మీద ఎముక దగ్గరి దాకా దిగింది. రాడ్లన్నీ పడుకోబెట్టి, నన్ను బోటు మధ్యలో అడుగున కూర్చోమన్నారు.

గాలి తగిలినప్పుడు బోటు పక్కకు తిరిగింది. అలా అడ్డంగా ఉంటే రెండో అలకే నీళ్లు నిండేవి. ఆ గాలికి ఎదురెళ్లే శక్తి మా ఇంజనుకు లేదు. బాబాయ్ ముక్కు దగ్గర పడి ఉన్న పాత వల మూటకు తాడు కట్టి ముందు నుంచి నీళ్లలోకి విసిరాడు. మూట నీళ్లలో బరువుగా వేలాడి తాడు బిగిసింది, బోటు మెల్లగా గాలికి ఎదురు తిరిగింది. ఇక అల ముక్కు మీద విరిగి రెండు వైపులా పోతోంది. కుర్రాడు, నేను బకెట్లతో నీళ్లు తోడాం. వాన కాదది, కంకర. పిడుగులు ఎన్ని పడ్డాయో లెక్కపెట్టలేదు. బాబాయ్ మాత్రం ఇంజను నెమ్మదిగా తిప్పుతూ మధ్య మధ్యలో గంగమ్మ పేరు తలచుకుంటూ, ఇంకో చేత్తో బీడీ కట్ట తడవకుండా చొక్కా లోపలికి తోసుకున్నాడు. భయంలో కూడా నాకు అదొక్కటి స్పష్టంగా గుర్తుండిపోయింది.

అసలు భయం ఏంటంటే, ఆ గాలి ఒడ్డు నుంచి వీచేది. ఏమీ చేయకపోతే మనల్ని ఇంటి నుంచి దూరంగానే తోస్తుంది. దూరం పోయేకొద్దీ గాలికి పొడవైన నీళ్లు దొరికి అలలు పెరుగుతాయి. నలభై నిమిషాలకు వాన పలచబడేసరికి జీపీఎస్‌లో చూస్తే మూట వేసి కూడా రెండు కిలోమీటర్లు లోపలికి పోయాం.

తిరుగు ప్రయాణం మూడు గంటలు. ఎవరూ మాట్లాడలేదు. ఒడ్డు దగ్గరయ్యేకొద్దీ, గాలి నేల చాటుకు చిక్కి నీళ్లు చదునయ్యాయి. సిగ్నల్ అందగానే జేబులో ఫోన్ వరసగా మోగింది. మా ఆవిడవి పదకొండు మిస్డ్ కాల్స్, వాటి మధ్యలో మా మండలంలో పిడుగులు పడే అవకాశం ఉందన్న ఎస్సెమ్మెస్, మధ్యాహ్నం పన్నెండూ నలభైకి పంపింది. పంపినవాళ్లు సమయానికే పంపారు. అందుకోవాల్సిన ఫోన్ పదిహేను కిలోమీటర్ల అవతల ఉంది.

వేలికి నాలుగు కుట్లు. డాక్టరు ఎలా తెగిందని అడిగితే, మా ఆవిడే సమాధానం చెప్పింది. అది ఇక్కడ రాయను.

ఇప్పుడు బయలుదేరే ముందు చూసేవి మారాయి. యాప్‌లో పచ్చ రంగు చూపించేది ఆ ప్రాంతం మొత్తానికి ఉండే గాలి. ఒక్కో చోట లేచే ఉరుముల మబ్బు ఎక్కడ పేలుతుందో ముందు రోజు రాత్రి అది చెప్పలేదు. మార్చి, ఏప్రిల్‌లో వెళ్తే పదకొండు లోపు ఒడ్డున ఉంటాను. సిగ్నల్ ఉన్నంత దూరంలో పిడుగుల గురించి చెప్పే దామిని యాప్, వాన మబ్బులు చూపే విశాఖ డాప్లర్ రాడార్ చిత్రం రెండూ తెరిచి చూస్తాను. రాడార్ బొమ్మ మొదట్లో పిల్లలు రంగులు పోసినట్టు ఉంటుంది. పది నిమిషాల తేడాతో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టుకుంటే మబ్బు ఎటు నడుస్తోందో తెలిసిపోతుంది. నవంబరులో రెండుసార్లు బాబాయే వద్దన్నాడు. మరోసారి పోర్టులో ఒకటో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు. వాయుగుండం ఎక్కడో దూరంగా ఉంది, ఇక్కడ ఎండ కాస్తోంది. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. రాళ్ల మీదికి కూడా పోలేదు, అల మధ్య సెకన్లు చూసి.

డిసెంబరులో వెళ్లాం. నాలుగు కిలోల కోనాం ఒకటి, రెండు పారలు. ఒప్పందం ప్రకారం నా వాటాగా కోనామే తీసుకోమన్నాడు. ఈశాన్యపు గాలి కాస్త పెరుగుతుంటే బాబాయ్ ఏమీ అనకముందే కుర్రాడు తాళ్లు చుట్టడం మొదలుపెట్టాడు. నేనూ రీల్ చుట్టేశాను.

ఆ ఏప్రిల్ చేప మాత్రం అప్పుడప్పుడు గుర్తొస్తుంది. నోట్లో నా లూర్, దానికి మూడేసి ముళ్లున్న కొక్కేలు రెండు, వెనక ఇనుప తీగ, దాని వెనక ఎన్ని మీటర్ల లైనో. ఒకరోజు వల బాగుచేసుకుంటున్న బాబాయ్‌ని అడిగాను, అది బతికి ఉంటుందా అని. పంటితో దారం కొరికి, "ఇనుము కదేటి బాబూ, ఉప్పునీటికి ఎన్నాళ్లుంటాది" అన్నాడు. నా పెట్టెలో ఉన్న కొక్కేలు తీసి చూసుకుంటే సగం తుప్పు పట్టని స్టీలువి. అవన్నీ మార్చేశాను. ఇప్పుడు ప్రతి లూర్‌కీ ఒంటి కొక్కెం, మామూలు ఇనుముది. రెండు ప్రయాణాలకోసారి పారేసి కొత్తవి కట్టుకోవాల్సి వస్తోంది.